మిల్టన్ తుఫాను క్లెయిమ్‌కు 2026 ఏప్రిల్ 9 చివరి తేదీ

ప్రశ్న: మేం ఫ్లోరిడాలో టాంపా దగ్గర వెస్లీ చాపెల్‌లో ఉంటున్నాం. ఇల్లు 2007లో కట్టింది, రూఫ్ అప్పటిదే. 2024 అక్టోబర్‌లో మిల్టన్ తుఫానుకి వెనకవైపు షింగిల్స్ (రూఫ్ మీది పలకలు) కొన్ని లేచిపోయాయి. వెంటనే క్లెయిమ్ వేశాం. నష్టం అంచనా వేసే కంపెనీ అడ్జస్టర్ 14,200 డాలర్లకు ఎస్టిమేట్ వేశాడు, చేతికి మాత్రం 1,500 డాలర్ల చెక్కు వచ్చింది. దాంతో ప్యాచ్ వేయించి ఊరుకున్నాం. మొన్న 2025 డిసెంబర్‌లో గెస్ట్ బెడ్‌రూమ్ సీలింగ్ మీద గోధుమరంగు మరక కనిపించింది. ఆటిక్ ఎక్కి చూసిన రూఫర్, ముందువైపు కూడా గాలికి షింగిల్స్ అంటు విడిపోయాయని, కింద ప్లైవుడ్ మెత్తబడిందని చెప్పాడు. "ఈ కాగితం మీద సంతకం పెట్టండి, ఇన్సూరెన్స్ సంగతి మేం చూసుకుంటాం, డిడక్టిబుల్ (నష్టంలో మీ వంతు) కూడా మీరు కట్టక్కర్లేదు" అంటున్నాడు. ఇంతలో జనవరి 12 తేదీతో కంపెనీ నోటీసు వచ్చింది. రూఫ్ పాతది కాబట్టి మే 20 తర్వాత పాలసీ రెన్యూ చేయరట. ఏజెంట్ సిటిజన్స్ అనే రాష్ట్ర ఇన్సూరెన్స్ సంస్థకి వెళ్లమంటున్నారు. ఇంకో విషయం: 2024 మార్చి మొదటి వారంలో మా అబ్బాయి కారుని వెనక నుంచి వేరేవాళ్లు గుద్దారు, మెడనొప్పి ఇంకా ఉంది, అవతలి ఇన్సూరెన్స్ వాళ్లు "చూస్తున్నాం" అంటూనే ఉన్నారు. ఇక్కడ చట్టాలు మారాయంటున్నారు. మేం ఏం చేయాలి?

సమాధానం: రూఫర్ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టకండి. అది పక్కన పెట్టి, క్యాలెండర్‌లో ఏప్రిల్ 9ని ఎర్ర సిరాతో చుట్టండి. మీ ఇంటి వ్యవహారమంతా ఆ తేదీ మీదే నడుస్తుంది.

2022 డిసెంబర్‌లో ఫ్లోరిడా శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై ఎస్‌బీ 2-ఏ అనే చట్టం తెచ్చింది. డిసెంబర్ 16న గవర్నర్ సంతకం చేశారు. దేశం మొత్తం మీద ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిముల్లో 2019లో ఫ్లోరిడా వాటా దాదాపు 8 శాతం, కోర్టుకెక్కిన దావాల్లో మాత్రం దాదాపు 76 శాతం. ఈ లెక్కనే కారణంగా చూపించి చట్టాన్ని మార్చారు. కోర్టుకు వెళ్లే దారిని ఇరుకు చేశారు, బదులుగా కంపెనీ జవాబు చెప్పాల్సిన గడువులు కుదించారు. ఇంటి యజమాని క్లెయిమ్ వేసే గడువులు కూడా కుదించారు. ఈ మూడోది చాలామందికి తెలియదు, నష్టం జరిగేది అక్కడే.

ఇదివరకు కొత్త క్లెయిమ్ వేయడానికి రెండేళ్లు, అదనపు క్లెయిమ్‌కు మూడేళ్లు ఉండేవి. ఇప్పుడు కొత్త క్లెయిమ్‌కు ఒక సంవత్సరం, సప్లిమెంటల్ (అదనపు) క్లెయిమ్‌కు 18 నెలలు. లెక్క మీరు మరక చూసిన రోజు నుంచి మొదలవదు. హరికేన్ అయితే అది తీరం దాటిన రోజు నుంచి మొదలవుతుంది. మిల్టన్ సియెస్టా కీ దగ్గర తీరం దాటింది 2024 అక్టోబర్ 9 రాత్రి. కొత్త క్లెయిమ్ గడువు 2025 అక్టోబర్ 9తో ముగిసింది. సప్లిమెంటల్ గడువు 2026 ఏప్రిల్ 9న ముగుస్తుంది.

ఇక్కడ ఒక సన్నటి గీత ఉంది. చట్టం రెండు రకాల అదనపు అడుగుదలను వేరు చేస్తుంది. మీరు ముందే కంపెనీకి చూపించిన నష్టానికే, కంపెనీ మూసేసిన క్లెయిమ్‌ని తెరిపించి ఇంకా డబ్బు ఇవ్వమంటే అది రీఓపెన్డ్ క్లెయిమ్. దానికి గడువు ఒక సంవత్సరమే, మీకు అది దాటిపోయింది. కంపెనీ ఇదివరకు పరిశీలించిన అదే తుఫాను వల్ల, అప్పుడు బయటపడని మరో నష్టం ఇప్పుడు తేలితే అది సప్లిమెంటల్ క్లెయిమ్. దానికి 18 నెలలు. మీరు అప్పుడు చూపించింది వెనకవైపు షింగిల్స్. ఇప్పుడు బయటపడింది ముందువైపు అంటు విడిపోయిన షింగిల్స్, వాటి కింద ప్లైవుడ్, గది సీలింగ్. ఇది రెండో రకం. కానీ "మా పాత క్లెయిమ్ మళ్లీ చూడండి, ఇచ్చింది చాలలేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే, మీ చేత్తో మీరే దాన్ని మొదటి రకంలోకి నెట్టినట్టవుతుంది. ఫోన్‌లో చెప్పడం కూడా అందుకే మంచిది కాదు. అవతల మాట్లాడే ఉద్యోగి స్క్రీన్ మీద ఏ గడిలో టిక్ పెడతాడో మీకు కనబడదు.

లేఖలో ఇవి ఉండాలి: పాలసీ నంబరు, పాత క్లెయిమ్ నంబరు, తుఫాను పేరు, 2024 అక్టోబర్ 9 తేదీ, "ఇది సప్లిమెంటల్ క్లెయిమ్ నోటీసు" అనే వాక్యం, కొత్తగా బయటపడిన నష్టం ఏ గదిలో, రూఫ్‌లో ఏ వైపు, ఏ తేదీన చూశారు, అప్పట్లో అది ఎందుకు కనబడలేదు. ఈ చివరిది నిజాయితీగా రాయండి. అంటు విడిపోయిన షింగిల్ పైనుంచి చూస్తే మామూలుగానే పడుకుని ఉంటుంది, చేత్తో ఎత్తితేనే లేస్తుంది. కింది నుంచి డ్రోన్‌తోనో నిచ్చెన మీద నుంచోనో చూసిన అడ్జస్టర్‌కి అది తెలియకపోవడం మామూలే. దీన్ని కంపెనీ పోర్టల్‌లో ఎక్కించండి, ఈమెయిల్ చేయండి, రిటర్న్ రసీదుతో సర్టిఫైడ్ పోస్టులో కూడా పంపండి. పోర్టల్‌లో ఎక్కించిన వెంటనే వచ్చే నంబరునీ సమయాన్నీ ఫోటో తీసి ఉంచుకోండి.

రూఫర్ ఎస్టిమేట్ వచ్చేదాకా ఆగుదామని అనిపిస్తుంది. ఆగకండి. నోటీసుకి డాలర్ల లెక్క తర్వాత జోడించవచ్చు, దాటిన తేదీని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ఉదాహరణకి ఫిబ్రవరి 2న నోటీసు అందిందనుకోండి. కంపెనీ 7 రోజుల్లో, అంటే ఫిబ్రవరి 9లోపు, అందినట్టు జవాబివ్వాలి. ప్రూఫ్ ఆఫ్ లాస్ (నష్టం వివరాలతో మీరిచ్చే పత్రం) ఇచ్చిన 7 రోజుల్లో విచారణ మొదలుపెట్టాలి. ఇంటికొచ్చి చూడాలనుకుంటే అది అందిన 30 రోజుల్లోపు రావాలి. అడ్జస్టర్ ఎస్టిమేట్ తయారైతే 7 రోజుల్లో దాని కాపీ మీకు పంపాలి. నోటీసు అందిన 60 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి లేదా ఎందుకివ్వరో చెప్పాలి. ఇదివరకు ఇది 90 రోజులు. ఫిబ్రవరి 2 నుంచి 60 రోజులంటే ఏప్రిల్ 3. మీ నోటీసులో ఏదైనా లోటుందని వాళ్లంటే సరిదిద్దుకోవడానికి ఇంకా ఆరు రోజులుంటాయి. మార్చి చివర్లో పంపితే ఆ వెసులుబాటు ఉండదు. పైగా మరక చూసింది డిసెంబర్‌లో. చూసిన వెంటనే చెప్పాలన్నది పాలసీలో మీ బాధ్యత, ఇప్పటికే నెల దాటింది.

ఈ గడువులు కంపెనీ దాటితే ఏమవుతుంది? ఆలస్యమైన చెల్లింపు మీద వడ్డీ పడుతుంది. అయితే ఆ ఆలస్యం ఒక్కదాన్ని పట్టుకుని మీరు దావా వేయలేరు, చట్టంలోనే ఆ మాట ఉంది. కాబట్టి గడువు దాటిన రోజునే రాష్ట్ర ఆర్థిక సేవల శాఖకు ఫిర్యాదు పెట్టండి. ఆ ఫిర్యాదుకి కంపెనీ లిఖితపూర్వకంగా సమాధానం చెప్పాల్సి వస్తుంది. ఫైలు కదిలేది ఎక్కువసార్లు అప్పుడే.

డబ్బు లెక్క కూడా మీరు తప్పుగా అర్థం చేసుకున్నట్టున్నారు. ఇంటి కవరేజీ ఎంతో మీరు రాయలేదు. ఉదాహరణకి అది 4,80,000 డాలర్లు, హరికేన్ డిడక్టిబుల్ 2 శాతం, అంటే 9,600 డాలర్లు అనుకుందాం. 14,200లో అరుగుదల కింద 3,100, డిడక్టిబుల్ కింద 9,600 తీసేస్తే 1,500 మిగులుతుంది. పాలసీ సారాంశం ఉండే డిక్లరేషన్స్ పేజీ, చెక్కుతో వచ్చిన పట్టిక ముందుపెట్టుకుని సరిచూడండి. ఈ లెక్కే అయితే రెండు విషయాలు మీకు మేలు చేస్తాయి. ఒకటి, పాలసీ రీప్లేస్‌మెంట్ కాస్ట్‌ది (అరుగుదల తీయకుండా కొత్తది వేసే ఖర్చు ఇచ్చేది) అయితే ఆ 3,100 పోయిన డబ్బు కాదు, అట్టేపెట్టిన డబ్బు. ఎస్టిమేట్‌లో రాసిన పని చేయించి ఇన్‌వాయిస్‌లు చూపిస్తే పని సాగేకొద్దీ ఇవ్వాలి. మీరు చేయించింది ప్యాచ్ మాత్రమే కాబట్టి అది ఇంకా రాలేదు. రెండు, సప్లిమెంటల్ క్లెయిమ్ అదే తుఫానుది కాబట్టి డిడక్టిబుల్ మళ్లీ కోయకూడదు. ఆ 9,600 మీ వంతు అయిపోయింది. కొత్త నష్టం 8,000 డాలర్లని తేలితే "డిడక్టిబుల్ కంటే తక్కువ" అనే జవాబు చెల్లదు. ఈ జవాబు విని ఊరుకునే కుటుంబాలు చాలానే ఉంటాయి.

ఇక కష్టమైన సంగతి. పద్నాలుగు నెలల తర్వాత కనిపించిన మరక మిల్టన్ వల్లనేనని మీరు చూపించాలి. కంపెనీ మూడు మాటల్లో ఏదో ఒకటి అంటుంది: పాతబడి అరిగిపోయింది, మీ ప్యాచ్ సరిగా వేయలేదు, లేదా నీరు ఎప్పట్నుంచో కారుతోంది. చాలా పాలసీల్లో 14 రోజులు, అంతకుమించి నిదానంగా ఊరిన నీటికి కవరేజీ ఉండదు. కాబట్టి సీలింగ్‌కి రంగు వేసేయకండి, మెత్తబడిన ప్లైవుడ్‌ని ఎవరినీ పీకి పారేయనివ్వకండి. ఆటిక్‌లో మరక నుంచి పైకి నీటి జాడ ఎక్కడిదాకా పోయిందో తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. ఆ చోటికి సరిగ్గా పైన ఏ షింగిల్ లేస్తోందో, దాని పై అంచున మడత గీత ఉందో లేదో తీయించండి. గాలికి వెనక్కి మడిచి మళ్లీ పడిన షింగిల్‌కి అడ్డంగా ఒక గీత పడుతుంది, అక్కడ పైపొడి రాలి లోపలి నలుపు కనిపిస్తుంది. ఎండకి పాతబడిన షింగిల్‌లో పొడి అంతటా రాలుతుంది గానీ ఒకే గీతలో రాలదు. అడ్జస్టర్‌కి ఈ తేడా చూపించగలిగిన ఫోటో పది పేజీల లేఖ కంటే విలువైనది. 2024 అక్టోబర్‌లో మీ ఫోన్‌లో తీసిన ఫోటోలు, అప్పటి అడ్జస్టర్ రిపోర్టు, ప్యాచ్ వేసినవాళ్ల బిల్లు, అన్నీ ఒకచోట చేర్చండి. అప్పటి రిపోర్టు మీ దగ్గర లేకపోతే పాలసీ పూర్తి ప్రతితో కలిపి కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

నీరు ఇంకా లోపలికి రాకుండా రూఫ్ మీద టార్ప్ (కప్పే పట్టా) మాత్రం ఈ వారమే కట్టించండి. నష్టం పెరగకుండా చూడటం మీ పని అని పాలసీ చెబుతుంది, కట్టించకపోతే అదే సాకవుతుంది. అయితే అత్యవసర పనులకు చాలా పాలసీల్లో పరిమితి ఉంటుంది, 3,000 డాలర్లు లేదా ఇంటి కవరేజీలో 1 శాతం, ఏది ఎక్కువైతే అది. అంతకు మించితే ముందు అనుమతి అడగాలి. టార్ప్‌కి ముందు, తర్వాత ఫోటోలు, బిల్లు దాచండి.

రూఫర్ కాగితం సంగతి. 2023 జనవరి 1 తర్వాత జారీ అయిన ఇంటి పాలసీల మీద క్లెయిమ్ హక్కుని కాంట్రాక్టర్‌కి రాసివ్వడం చెల్లదు. పాలసీ ఏడాదికోసారి కొత్తగా జారీ అవుతుంది కాబట్టి మిల్టన్ నాటి మీ పాలసీ కూడా ఈ నిబంధన కిందికే వస్తుంది. అయినా ఆ కాగితం తెచ్చాడంటే, అతనికి చట్టం తెలియకపోవాలి లేదా మీకు తెలియదని అనుకుని ఉండాలి. ఇంతకంటే పెద్ద తప్పు డిడక్టిబుల్ మాట. మోసం చేసే ఉద్దేశంతో కాంట్రాక్టర్ డిడక్టిబుల్‌ని మాఫీ చేయడం, తిరిగివ్వడం ఫ్లోరిడాలో మూడో తరగతి ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. ఎలా చేస్తారంటే, ఇన్సూరెన్స్‌కి పంపే బిల్లులో ఆ మేరకు పెంచి రాస్తారు. ఆ బిల్లు వెళ్లేది మీ క్లెయిమ్‌లో, మీ సంతకంతో. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకి మోసం కేసులో పేరు రావడం ఎంత దూరం పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంటిదగ్గరికి వచ్చి బతిమాలినా, పక్కింటివాళ్లు చేయించుకున్నారని చెప్పినా, వద్దనండి.

వేరే రూఫర్‌ని చూసుకోండి. రాష్ట్ర లైసెన్సుల శాఖ సైట్‌లో లైసెన్సు నంబరు కొట్టి చూడండి. రాష్ట్రమంతటా పనిచేసే రూఫింగ్ లైసెన్సు సీసీసీ అనే అక్షరాలతో మొదలవుతుంది. కాంట్రాక్టులో మొత్తం ధర, పర్మిట్ ఎవరు తీస్తారు, ప్లైవుడ్ షీటు ఒక్కోటి మార్చడానికి ఎంత అనేవి రాయించండి. షీటు ధర రాయించకపోతే పాత రూఫ్ పీకాక అడిగినంత ఇవ్వాల్సి వస్తుంది. గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించిన తుఫాను కారణంగా రాసుకున్న రూఫ్ కాంట్రాక్టుని, సంతకమైన 10 రోజుల్లోపు లేదా పని మొదలయ్యేలోపు, ఏది ముందైతే అప్పటిలోగా ఖర్చు లేకుండా రద్దు చేసుకునే హక్కు కూడా కొన్ని షరతులతో ఉంది, మీ కాంట్రాక్టుకి వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

పబ్లిక్ అడ్జస్టర్‌ని పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. మీ తరఫున కంపెనీతో మాట్లాడే లైసెన్సు ఉన్న మనిషి అతను. అత్యవసర పరిస్థితి ప్రకటించిన మొదటి ఏడాదిలో వేసిన క్లెయిములకు అతని రుసుము 10 శాతం మించకూడదు, ఆ తర్వాత 20 శాతం దాకా వెళ్లవచ్చు. మీకిప్పుడు 20 వర్తించే కాలం. అతనితో ఒప్పందానికి ముందే కంపెనీ ఇచ్చిన, ఇస్తానన్న డబ్బు మీద వాటా అడగకూడదు. అందుకే మొదటి నోటీసు మీరే పంపండి, జవాబు చూశాక అవసరమైతే అతన్ని పిలవండి.

"రూఫ్ మొత్తం ఇన్సూరెన్స్ డబ్బుతో మార్చిస్తాం" అనే మాట వెనక 25 శాతం నియమం ఉంది. రూఫ్ సెక్షన్‌లో 25 శాతానికి మించి పన్నెండు నెలల్లో బాగుచేస్తే ఆ సెక్షన్ మొత్తాన్ని ఇప్పటి బిల్డింగ్ కోడ్‌కి తేవాలని ఫ్లోరిడా కోడ్ అంటుంది. 2022 మే నెలలో తెచ్చిన ఎస్‌బీ 4-డీ దీనికి మినహాయింపు పెట్టింది: 2007 కోడ్ ప్రకారం గానీ ఆ తర్వాతి కోడ్ ప్రకారం గానీ కట్టిన రూఫ్ అయితే దెబ్బతిన్న భాగాన్ని మాత్రమే కోడ్ ప్రకారం చేస్తే చాలు. 2007 కోడ్ అమల్లోకి వచ్చింది 2009 మార్చి 1న. మీ ఇల్లు 2007లో కట్టింది, అంటే అంతకు ముందరి కోడ్‌ది. మినహాయింపు మీకు వర్తించదు, పాత నియమమే ఉంటుంది. ఇది మీకు లాభం. కానీ సెక్షన్ అంటే ఒక వాలు కాదు. కొప్పు గీతలు, మూలగీతలు, లోయ గీతలు సెక్షన్‌ని విడదీయవు. ఎత్తులో తేడా, గోడ, రూఫ్ రకం మారడం లాంటివే విడదీస్తాయి. అంటే వెనక వాలులో 40 శాతం పోయినా మొత్తం రూఫ్‌లో అది 15 శాతమే కావచ్చు. వెనకవైపు నష్టం, ముందువైపు నష్టం కలిపి కొలిస్తే 25 దాటుతుందా అన్నది అసలు ప్రశ్న. కొలతలతో డయాగ్రామ్ ఇవ్వమని రూఫర్‌ని అడగండి, నోటిమాట పనికిరాదు.

దాటితే కోడ్ వల్ల పెరిగే ఖర్చుకి ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజీ కావాలి. ఫ్లోరిడాలో ఇంటి పాలసీకి మీరు రాతపూర్వకంగా వద్దనకపోతే ఇది 25 శాతం ఉంటుంది. 4,80,000 మీద 1,20,000 డాలర్లు. డిక్లరేషన్స్ పేజీలో ఒకసారి చూడండి.

ఇక రెన్యూ చేయబోమన్న నోటీసు. మామూలుగా 120 రోజుల ముందు ఇవ్వాలి. జనవరి 12 నుంచి మే 20కి 128 రోజులు, ఆ లెక్కన తప్పు లేదు. కారణం చూడాలి. 2022 మే నెలలోనే వచ్చిన మరో చట్టం ఎస్‌బీ 2-డీ ప్రకారం 15 ఏళ్లలోపు రూఫ్‌ని వయసు ఒక్కటే చూపించి కాదనకూడదు. 15 దాటితే, రూఫ్ మార్చమనే ముందు మీ ఖర్చుతో తనిఖీ చేయించుకునే అవకాశం ఇవ్వాలి. ఇంకా 5 ఏళ్లు, అంతకు మించి పనికొస్తుందని రిపోర్టు వస్తే వయసు ఒక్కటే కారణంగా కాదనలేరు. లైసెన్సున్న హోమ్ ఇన్‌స్పెక్టర్, ఇంజినీరు, ఆర్కిటెక్ట్, జనరల్ లేదా రెసిడెన్షియల్ కాంట్రాక్టర్ ఇచ్చే రిపోర్టు చెల్లుతుంది. కానీ మీ రూఫ్ ఇప్పుడున్న స్థితిలో ఎవరూ 5 ఏళ్లు రాసివ్వరు. తనిఖీకి తొందరపడకండి. చెడ్డ రిపోర్టు చేతిలో ఉండటం కంటే రిపోర్టు లేకపోవడం మేలు.

మీకు ఉపయోగపడేది ఇంకో నిబంధన. అత్యవసర పరిస్థితి ప్రకటించిన హరికేన్ వల్ల దెబ్బతిన్న ఇంటికి, మరమ్మతు పూర్తయిన తర్వాత 90 రోజులు గడిచేదాకా పాలసీని రద్దు చేయకూడదు, రెన్యూ చేయకుండా ఉండకూడదు. మరమ్మతు పూర్తవడం అంటే వేరే కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వగలిగే స్థితికి ఇల్లు రావడం. ప్యాచ్ వేసినంత మాత్రాన ఆ స్థితి రాలేదని మీ కొత్త ఫోటోలే చెబుతాయి. దీన్ని ప్రస్తావిస్తూ రెన్యూవల్ విభాగానికి విడిగా లేఖ రాయండి, సప్లిమెంటల్ నోటీసు కాపీ జతచేయండి. అయితే ఈ రక్షణకి మినహాయింపులున్నాయి. ప్రీమియం కట్టకపోతే 10 రోజుల నోటీసుతో తీసేయవచ్చు. మరమ్మతుని యజమాని అకారణంగా ఆలస్యం చేశాడని కంపెనీ తేల్చితే 45 రోజుల నోటీసుతో ఆపవచ్చు. పదిహేను నెలలు ఎందుకు పట్టిందని మిమ్మల్ని అడుగుతారు. "కనిపించిన నష్టానికి మీరిచ్చిన 1,500తో పని చేయించాం, మిగతాది కనిపించింది డిసెంబర్‌లో, చెప్పింది ఫలానా తేదీన" అనే జవాబుకి ప్రతి మాటకూ ఒక కాగితం ఉండాలి. ఇది గెలిచే వాదన అని హామీ ఇవ్వలేం, కానీ బలమైన వాదన. అందులోనూ మీరు త్వరగా రాస్తేనే.

దీంతోపాటు కొత్త పాలసీ వెతుకులాట ఆపకండి. సిటిజన్స్ అంటే వేరే కంపెనీ ఇవ్వనప్పుడు రాష్ట్రం ఏర్పాటు చేసిన సంస్థ. అక్కడ రెండు తలుపులు దాటాలి. పోల్చదగిన కవరేజీ ఇచ్చే ప్రైవేటు కంపెనీ ధర సిటిజన్స్ ధర కంటే 20 శాతం లోపే ఎక్కువైతే సిటిజన్స్ మీకు ఇవ్వదు. సిటిజన్స్ 5,900 డాలర్లు చెప్పి, ప్రైవేటు కంపెనీ 6,900 చెప్పిందనుకోండి. 5,900కి 20 శాతం కలిపితే 7,080. 6,900 అంతకు తక్కువే కాబట్టి ప్రైవేటుకే వెళ్లాలి. రెండోది వరద ఇన్సూరెన్స్. సిటిజన్స్‌లో గాలి కవరేజీ ఉన్న ఇళ్లకి దీన్ని దశలవారీగా తప్పనిసరి చేశారు. ఇల్లు తిరిగి కట్టే ఖర్చు 4,00,000 డాలర్లు, అంతకు మించి ఉంటే 2026 జనవరి 1 నుంచి ఫ్లడ్ జోన్‌తో సంబంధం లేకుండా ఉండాలి. 2027 జనవరి 1 నుంచి అన్నిటికీ. మీది 4,80,000 అయితే ఇది మీకు వర్తిస్తుంది. ఫెడరల్ వరద పాలసీ మామూలుగా 30 రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు, భవనానికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లే ఇస్తుంది. మే 20కి సిద్ధంగా ఉండాలంటే ఏప్రిల్ రెండో వారానికల్లా కొనాలి. బాగుచేయని నష్టం ఉన్న ఇంటికి ఎవరి దగ్గరైనా పాలసీ దొరకడం కష్టం, అందుకే క్లెయిమ్, మరమ్మతు, కొత్త పాలసీ మూడూ ఒకే తాడుకి కట్టిన ముడులు.

కొత్త పాలసీ కాగితాల్లో రెండు చోట్ల ఆగి చదవండి. విడి రూఫ్ డిడక్టిబుల్, అంటే ఇంటి కవరేజీలో 2 శాతం లేదా రూఫ్ మార్చే ఖర్చులో సగం, ఏది తక్కువైతే అంత. ఇది హరికేన్‌కి వర్తించదు, వడగళ్లకీ మామూలు గాలివానకీ వర్తిస్తుంది. దీన్ని కాదనే హక్కు మీకుంది. రెండోది తప్పనిసరి ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదాని కోర్టులో కాక బయట తీర్పరి ముందే తేల్చుకోవాలనడం. అది విడి ఎండార్స్‌మెంట్‌గా (పాలసీకి జోడించే పత్రంగా) ఉండాలి, దానికి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి, మీరు విడిగా సంతకం చేయాలి, అది లేని పాలసీ కూడా చూపించాలి. కొద్దిపాటి తగ్గింపు కోసం కోర్టు హక్కు వదులుకోవడం మా ఉద్దేశంలో మంచి బేరం కాదు.

2008 జనవరి 1 లోపు పర్మిట్ తీసుకున్న సొంత నివాసాలకి మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ పథకంలో మీరు పెట్టే ప్రతి డాలరుకీ రాష్ట్రం 2 డాలర్ల చొప్పున 10,000 దాకా ఇస్తుంది. మీ ఇల్లు తేదీ రీత్యా సరిపోతుంది. ఆదాయ షరతులు, నిధులు ఎప్పటికప్పుడు మారతాయి కాబట్టి సైట్‌లో చూసుకోండి. ముందు వాళ్ల తనిఖీ, తర్వాత మంజూరు, ఆ తర్వాతే పని. ముందే పని మొదలుపెడితే పైసా రాదు.

కంపెనీ కాదంటే? లాయర్ ఫీజు విషయంలో పాత ధీమా ఇప్పుడు లేదు. ఇదివరకు మీరు ఎంత కొద్ది మొత్తం గెలిచినా మీ లాయర్ ఫీజు కంపెనీ కట్టేది. ఎస్‌బీ 2-ఏ తర్వాత జారీ అయిన పాలసీలకి అది పోయింది. 12,000 డాలర్ల తగాదాకి లాయర్ వాటా, నిపుణుడి ఖర్చు పోగా మీకు మిగిలేది తక్కువ. కాబట్టి ముందు ఆర్థిక సేవల శాఖ మధ్యవర్తిత్వం అడగండి. ఖర్చు కంపెనీదే. లాయర్ లేకుండా అక్కడ రాజీకి వచ్చినా, చెక్కు మార్చుకోనంతవరకూ మూడు పనిదినాల్లో వెనక్కి తగ్గవచ్చు. దావా తప్పదనుకుంటే కంపెనీ నిర్ణయం వచ్చాక, దావాకి 10 పనిదినాల ముందు శాఖ ఫారంలో నోటీసు ఇవ్వాలి. దావా గడువు నష్టం జరిగిన తేదీ నుంచి ఐదేళ్లు.

మీ అబ్బాయి కారు ప్రమాదం గురించి ఉత్తరం చివర్లో రాశారు గానీ, గడువు అన్నిటికంటే ముందు ముగిసేది అదే. 2023 మార్చి 24న వచ్చిన హెచ్‌బీ 837 నిర్లక్ష్యం కేసుల్లో దావా గడువుని నాలుగేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. 2024 మార్చి మొదటి వారంలో జరిగిన ప్రమాదానికి 2026 మార్చి మొదటి వారమే చివర. అవతలి ఇన్సూరెన్స్‌తో మాటలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు, వాళ్ల "చూస్తున్నాం" అనేది రాజీ కాదు. తప్పులో సగానికి మించి మీవాడిదని తేలితే ఏమీ రాదని కూడా అదే చట్టం చెబుతుంది. వెనక నుంచి గుద్దిన కేసులో అది తేలడం కష్టమే గానీ, అతను హఠాత్తుగా బ్రేక్ వేశాడని వాదిస్తారు. పోలీసు రిపోర్టు, ప్రమాదం తర్వాత 14 రోజుల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లిన కాగితం, ఆ తర్వాతి చికిత్స బిల్లులు పట్టుకుని ఈ వారమే గాయాల కేసులు చూసే లాయర్ని కలవండి. ఇలాంటి కేసుల్లో ఫీజు సాధారణంగా గెలిచిన దాంట్లోంచే తీసుకుంటారు, మొదటి సంప్రదింపుకి చాలామంది డబ్బు అడగరు.

రేపు పొద్దున చేయాల్సిన వరస ఇది: మొదట లాయర్‌కి ఫోన్, తర్వాత టార్ప్, ఫోటోలు, సాయంత్రానికి సప్లిమెంటల్ నోటీసు. రెన్యూవల్ లేఖ ఈ వారం చివరికి పంపితే సరిపోతుంది. సందేహం వస్తే ఆర్థిక సేవల శాఖ వినియోగదారుల లైను 1-877-693-5236కి చేయండి. మాట్లాడిన వ్యక్తి పేరు, తేదీ రాసిపెట్టుకోండి.